బయటి గోడల మరమ్మతు ఎవరికి అప్పగించాలి: మేస్త్రీకా, కాంట్రాక్టరుకా, రంగుల కంపెనీకా?

మే నెల వచ్చేసరికి హైదరాబాద్‌లో మరమ్మతు మేస్త్రీలకు ఊపిరాడదు. గత వానాకాలంలో పడకగది గోడ మీద చెమ్మ మరక చూసి, ఎండలు వచ్చాక చేయిద్దాంలే అని ఊరుకున్న ఇళ్లన్నిటికీ ఒకేసారి ఆ సంగతి గుర్తుకొస్తుంది. ముగ్గురిని పిలిచి చూపిస్తే ముగ్గురూ మూడు మొత్తాలు చెబుతారు. ఒకరి అంచనాకు ఇంకొకరిది రెండింతలు ఉన్నా ఆశ్చర్యపోనక్కరలేదు. అప్పుడు చాలామంది మధ్యరకం ధర చెప్పినవారికి పని ఇచ్చేసి ఊపిరి పీల్చుకుంటారు. అయితే ఆ ముగ్గురూ ధర కట్టింది ఒకే పనికి కాదు. మొదటివారు గోడకు రంగు వేయడానికి చెప్పారు, రెండోవారు పెచ్చులూడిన ప్లాస్టరింగ్ కొట్టేసి మళ్లీ పూయడానికి చెప్పారు, మూడోవారు డాబా మీద నీళ్లు నిలవకుండా వాటం (వాలు) సరిచేయడానికి చెప్పారు. వేర్వేరు పనుల ధరలను పక్కపక్కన పెట్టి చూస్తే తేలేది ఏమీ ఉండదు.

అందుకే ఈ పోలికను ధరతో మొదలుపెట్టడం లేదు. నీళ్లు ఎక్కడినుంచి వస్తున్నాయో తేల్చుకోవడం, ఆ పనికి తగినవారెవరో చూసుకోవడం, ఆ తరువాత ఒక ప్రశ్న అడగడం: పని పూర్తయ్యాక ఒక వానాకాలం గడిచేదాకా బిల్లులో కొంత భాగం మా దగ్గరే ఉంచుకుంటామంటే మీరు ఒప్పుకుంటారా? ఎంపికలో ఇంతకన్నా గట్టి పరీక్ష నాకు ఇంతవరకు కనిపించలేదు. అది ఎవరి విషయంలో పనికొస్తుంది, ఎవరి విషయంలో పనికిరాదు అన్నదే ఈ రచనలో ఎక్కువ భాగం.

## ముందు నీటి దారి

మల్కాజిగిరిలోని మా ఇంటికి ఉత్తరం వైపు గోడ కొన్నేళ్ల కిందట లోపలివైపు ఉబ్బడం మొదలైంది. వచ్చిన కాంట్రాక్టరు గోడంతా గీకించి, లప్పం పెట్టించి, ఖరీదైన ఎక్స్‌టీరియర్ ఎమల్షన్ (బయటి గోడల రంగు) రెండు పూతలు (కోట్లు) వేయించాడు. చూడముచ్చటగా ఉంది. జూలై రెండో వారానికి రంగు కింద బుడగలు లేచాయి. తరువాత ఒక పాత మేస్త్రీ వచ్చి, కిటికీ మీది సజ్జ పైకెక్కి, అక్కడ పేరుకున్న మట్టిని చేత్తో తీసి చూపించాడు. సజ్జకు వాటం గోడవైపు ఉంది. వాన నీళ్లు బయటికి జారకుండా, సజ్జా గోడా కలిసే చోటి పగులులోంచి నేరుగా ఇటుకల్లోకి దిగుతున్నాయి. సజ్జ అంచు అడుగున నీటి చుక్క తెగి కింద పడేందుకు తీయవలసిన గాడి కూడా లేదు. మొదటి కాంట్రాక్టరు చేసిన పనిలో నాణ్యత లోపమేమీ లేదు. ఆ గోడకు కావలసింది ఆ పని కాదు, అంతే.

మరక కనిపించే తీరు చాలావరకు కారణం చెబుతుంది. కింది పట్టిక తుది తీర్పు కాదు గానీ, ఎవరిని ముందు పిలవాలో తెలియడానికి సరిపోతుంది.

| కనిపించే లక్షణం | ఎక్కువసార్లు ఉండే కారణం | ముందు పిలవవలసినవారు |
|---|---|---|
| పై అంతస్తు సీలింగ్ మీద, వాన వెలిసిన ఒకటి రెండు రోజులకు మరక | డాబాకు వాటం చాలకపోవడం, నీళ్లు దిగే గొట్టం మూతి చుట్టూ పగులు, పిట్టగోడ మొదట్లో సందు | వాటర్‌ప్రూఫింగ్ పనివారు |
| కిటికీ పై మూలల్లో చెమ్మ | సజ్జకూ గోడకూ మధ్య అతుకు, ఫ్రేము చుట్టూ ఖాళీ | తాపీ మేస్త్రీ |
| వాన లేని రోజుల్లో కూడా బయటి గోడ మీద తడి చార | బాత్రూం లైను, ఓవర్‌హెడ్ ట్యాంకు పైపు | ప్లంబరు |
| నేల నుంచి రెండు మూడు అడుగుల ఎత్తు వరకు తెల్లటి ఉప్పు పొడి | పునాది నుంచి పైకి ఎగబాకే చెమ్మ | వాటర్‌ప్రూఫింగ్ పనివారు |
| స్తంభానికీ ఇటుక గోడకూ మధ్య సన్నటి నిలువు పగులు | కాంక్రీటూ ఇటుకా ఎండకు వేర్వేరుగా సాగడం | తాపీ మేస్త్రీ |
| బాల్కనీ, సజ్జల అడుగున పెచ్చులూడి తుప్పు పట్టిన ఊచలు బయటపడడం | ఇనుము తుప్పుపట్టి ఉబ్బి కాంక్రీటును పగలగొట్టడం | ఇంజనీరు |
| గోడను మెట్లుమెట్లుగా ఏటవాలుగా చీల్చిన పగులు | పునాదిలో కుంగుబాటు | స్ట్రక్చరల్ ఇంజనీరు |

రెండు పరీక్షలు ఇంటివారే చేసుకోవచ్చు. డాబా మీద అనుమానముంటే నీళ్లు దిగే గొట్టాల మూతులు గుడ్డతో బిగించి, అంగుళం ఎత్తు నీళ్లు నింపి 24 నుంచి 48 గంటలు ఉంచి, కింద సీలింగును గమనించాలి. పగులు పెరుగుతున్నదేమో అన్న సందేహముంటే దాని రెండు కొసల దగ్గరా పెన్సిలుతో గీత గీసి, పక్కన తేదీ వేసి, రెండు మూడు నెలల తరువాత చూడాలి. గీత దాటి సాగిన పగులుకు లప్పం పెట్టించడం డబ్బును గోడకు పూయడమే.

## ఫ్లాటు వయసు ఐదేళ్లు దాటిందా?

కాంట్రాక్టరును వెతికే ముందు కొత్త అపార్టుమెంట్లవారు ఒక తేదీ చూసుకోవాలి. 2016 నాటి రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) చట్టం 14వ సెక్షన్ ప్రకారం, స్వాధీనం చేసిన తేదీ నుంచి ఐదేళ్లలోపు నిర్మాణంలో గానీ పనితనంలో గానీ నాణ్యతలో గానీ లోపం బయటపడి, దాన్ని బిల్డరు దృష్టికి తీసుకువస్తే, అదనపు సొమ్ము అడగకుండా 30 రోజుల్లోగా సరిచేయవలసిన బాధ్యత బిల్డరుదే. తెలంగాణలో 2017 జనవరి 1 తరువాత అనుమతి పొంది, రెరా పరిధిలోకి వచ్చే ప్రాజెక్టులకు ఇది వర్తిస్తుంది. బయటి గోడ చెమ్మ, డాబా కారడం కూడా ఇందులోకి వస్తాయి. బిల్డరుకు రాతపూర్వకంగా తెలియజేయకుండా మనమే వేరేవారితో గోడ కొట్టించేస్తే మాత్రం లోపానికి సాక్ష్యం ఆ మలబా (కొట్టేసిన పెచ్చులు, వ్యర్థాలు)తోపాటే లారీ ఎక్కి వెళ్లిపోతుంది. కాబట్టి ఫోటోలు, తేదీలు, ఉత్తరం ముందు, మేస్త్రీ తరువాత.

## దేన్ని బట్టి పోల్చాలి

పోల్చవలసిన అంశాలు ఐదు అనుకోవచ్చు: కారణం ఎవరు తేలుస్తారు, సామాను ఎవరు ఎంచుతారు, ఎత్తు మీద పనిలో మనిషికి ఏమైనా జరిగితే బాధ్యత ఎవరిది, కాగితాలు ఉంటాయా, వాన పడ్డాక ఎవరు వస్తారు. మొదటి నాలుగింటి గురించి కింద సందర్భం వచ్చినప్పుడు చెబుతాను. ఐదోదాని దగ్గర మాత్రం కాసేపు ఆగాలి.

ఇంటి లోపలి పనికీ బయటి పనికీ ఉన్న పెద్ద తేడా ఏమిటంటే, లోపలి పని బాగుందో లేదో పూర్తయిన రోజే కంటికి తెలుస్తుంది, బయటి పని వాన వచ్చిచెప్పేదాకా తెలియదు. డిసెంబరులో పూర్తయిన వాటర్‌ప్రూఫింగ్‌ను పరీక్షించేది జూన్ నెల. ఆ ఆరు నెలల్లో డబ్బంతా చేతులు మారిపోతే, పనివారికి తిరిగి రావడానికి మంచితనం తప్ప వేరే కారణం మిగలదు. ప్రభుత్వ పనుల్లో కాంట్రాక్టరు బిల్లు నుంచి కొంత మొత్తం నిలిపి, లోపాల బాధ్యత కాలం ముగిశాక విడుదల చేసే పద్ధతి ఇందుకే ఉంది. ఇంటి పనిలో కూడా ఐదు నుంచి పది శాతం వరకు సెప్టెంబరు చివరిదాకా నిలపడానికి అంగీకారం అడగడం అన్యాయం కాదు. తన పని మీద నమ్మకమున్న కాంట్రాక్టరు బేరమాడి ఐదుకు తగ్గించవచ్చు, చెక్కు ముందే రాసి ఇమ్మనవచ్చు, కానీ మొత్తానికే కాదనడు. “అంత నమ్మకం లేకపోతే ఎలాగండీ” అన్నవారి దగ్గర నమ్మకం సంగతి కొంచెం ఆలోచించుకోవలసిందే.

నిలుపుదల స్థానంలో చాలామంది చూపించేది గ్యారంటీ కాగితం. దాన్ని చదివితే మూడు సంగతులు చూడాలి: అది సామానుకు మాత్రమేనా, కూలీ ఖర్చుతో సహా తిరిగి చేసి ఇవ్వడానికా, సంతకం కంపెనీదా, పని చేసిన ఏజెన్సీదా, కొత్తగా వచ్చే పగుళ్లను మినహాయించారా. బయటి గోడ కారేది పగుళ్ల వల్లే కాబట్టి, మూడో మినహాయింపు ఉన్న పదేళ్ల గ్యారంటీలో మనకు దక్కేది స్వల్పం.

## మేస్త్రీకి కూలీ లెక్కన ఇవ్వడం

సామాను మనం తెచ్చి, మేస్త్రీకీ ఇద్దరు కూలీలకూ రోజు లెక్కన గానీ, పని మొత్తానికి గుత్తగా గానీ ఇవ్వడం పాత పద్ధతి. సజ్జ అంచులు, పిట్టగోడ పగుళ్లు, నాలుగైదు చోట్ల ఊడిన ప్లాస్టరింగ్ వంటి రెండు మూడు రోజుల పనులకు ఇప్పటికీ ఇదే మేలు. అంత చిన్న పనికి పెద్ద కాంట్రాక్టర్లు రారు, వచ్చినా పనిని పెద్దది చేస్తారు. చెయ్యి తిరిగిన తాపీ మేస్త్రీ నీటి దారిని కనిపెట్టినంత తేలికగా అమ్మకపు ప్రతినిధి ఎవరూ కనిపెట్టలేరు.

దీనికి మూల్యం మన సమయం. సిమెంటు, ఇసుక, కెమికల్ డబ్బాలు మనమే కొనాలి. రాణిగంజ్ మార్కెట్ దాకా వెళ్లినా, వీధి చివరి దుకాణంలో తెచ్చినా, ఏది తేవాలో తెలిసి ఉండాలి. రోబో శాండ్ (రాయిని పొడిచేసి తయారుచేసే ఇసుక)లో ప్లాస్టరింగుకు వేరే రకం దొరుకుతుంది. కాంక్రీటుకు వాడే ముతక రకంతో పూస్తే గోడ గరుకుగా మిగులుతుంది. బయటి ప్లాస్టరింగుకు ఒక పాలు సిమెంటుకు నాలుగు పాళ్ల ఇసుక మాట్లాడుకుంటే, మధ్యాహ్నం భోజనాల తరువాత అది ఆరు పాళ్లు కాకుండా ఎవరో చూస్తూ ఉండాలి. మాలు (సిమెంటు, ఇసుక కలిపిన ముద్ద)లో కలిపే వాటర్‌ప్రూఫింగ్ ద్రవం సాధారణంగా 50 కిలోల సిమెంటు బస్తాకు 200 మిల్లీలీటర్లు. డబ్బా మీద వేరే కొలత ఉంటే అదే ప్రమాణం. ఎక్కువ పోస్తే ఎక్కువ బలమనే నమ్మకం మేస్త్రీలలో ఉంది, అది పొరపాటు. పూత తరువాత కనీసం ఏడు రోజులు క్యూరింగ్ (నీళ్లతో తడుపుతూ ఉండడం) జరగాలి. రోజు కూలీకి వచ్చినవారు పని ముగిశాక నీళ్లు కొట్టడానికి రారు కాబట్టి పొద్దునా సాయంత్రం పైపు పట్టుకోవలసింది ఇంటివారే.

రోజు లెక్కకు ఇస్తే పని సాగుతుంది, గుత్తకు ఇస్తే పరుగెడుతుంది. నా అభిప్రాయంలో మరమ్మతుకు రోజు లెక్కే నయం, ఎందుకంటే పగులును తవ్వి శుభ్రం చేసే దశలో తొందరపడితే తక్కిన పనంతా వృథా.

పైన చెప్పిన నిలుపుదల పరీక్ష ఇక్కడ పనిచేయదు, పనిచేయించకూడదు కూడా. వారం చివర డబ్బు అందితే తప్ప ఇల్లు గడవని మనిషి కూలీని వానాకాలం దాకా ఆపడం ధర్మం కాదు. ఈ పద్ధతిలో వాన తరువాతి బాధ్యత మనదే అని తెలిసే దిగాలి. అలాగే ఎత్తు మీద పని ఉంటే బెల్టు, హెల్మెట్, గట్టి పరంజా ఏర్పాటు చేయవలసింది కూడా మనమే. మొదటి అంతస్తు దాటిన పనికి నేను ఈ దారి సూచించను.

## సామానుతో సహా కాంట్రాక్టరుకు ఇవ్వడం

రెండు మూడు అంతస్తుల ఇళ్లకు ఎక్కువమంది ఎంచుకునేది ఇదే. చదరపు అడుగుకు ఇంత అని రేటు, పరంజా, సామాను, కూలీలు అన్నీ ఆయనవే. ఇక్కడ మోసాలకన్నా అస్పష్టతే ఎక్కువ నష్టం చేస్తుంది. “ఫలానా కంపెనీ రంగు, రెండు కోట్లు” అని రాసిన కొటేషన్ కొటేషనే కాదు. ఒకే కంపెనీలో బయటి గోడల రంగులు నాలుగైదు రకాలు ఉంటాయి, వాటి ధరల మధ్య ఎంతో తేడా. రకం పేరు, ప్రైమరు పేరు, ఎన్ని కోట్లు, పగుళ్లను ఎంత లోతు తవ్వి దేనితో నింపుతారు, ఊడిన ప్లాస్టరింగ్ ఎన్ని చదరపు అడుగులని అంచనా, అంతకు మించితే రేటు ఎంత అన్నవి విడివిడిగా ఉండాలి. చివరిది లేని ఒప్పందాల్లోనే పని మధ్యలో బిల్లు పెరుగుతుంది, ఎందుకంటే గోడను కొట్టి చూస్తే తప్ప ఎంత డొల్లగా ఉందో ఎవరికీ తెలియదు.

లెక్క కొంచెం మనకూ వచ్చి ఉంటే మంచిది. 25 అడుగుల వెడల్పు, 40 అడుగుల పొడవు ఉన్న ఇంటి చుట్టుకొలత 130 అడుగులు. పిట్టగోడ పైవరకు ఎత్తు 24 అడుగులైతే బయటి గోడ వైశాల్యం 3,120 చదరపు అడుగులు. ఎక్స్‌టీరియర్ ఎమల్షన్ లీటరుకు రెండు కోట్ల మీద సుమారు 50 నుంచి 60 చదరపు అడుగులు వస్తుందనుకుంటే 52 నుంచి 62 లీటర్లు కావాలి, అంటే 20 లీటర్ల బకెట్లు దాదాపు మూడు. ఒకటిన్నర బకెట్లతో పని ముగిసిందంటే రెండో కోటు నీళ్ల కోటన్నమాట. సీలు తీయని బకెట్లు మన ఎదుటే తెరవాలని, ఖాళీవి చివరి కొలత దాకా ఇంట్లోనే ఉండాలని రాసుకుంటే ఈ సమస్యే రాదు.

కొలత దగ్గర గొడవలు కిటికీల వల్ల వస్తాయి. నిర్మాణ పనుల కొలతలకు భారతీయ ప్రమాణం ఐఎస్ 1200 ఉంది. దాని ప్రకారం అర చదరపు మీటరు, అంటే సుమారు ఐదున్నర చదరపు అడుగుల లోపు ఉన్న ఖాళీలను ప్లాస్టరింగ్ కొలతలో తగ్గించరు. అంతకన్నా పెద్ద కిటికీలను తగ్గిస్తారా, తగ్గిస్తే వాటి పక్క అంచుల పూతను కలుపుతారా అన్నది ముందే రాసుకోవాలి. పని అయ్యాక టేపు పట్టుకుని వాదించుకునే దృశ్యం రెండువైపులవారికీ గౌరవం కాదు.

నిలుపుదలకు నిజంగా తగిన చోటు ఇదే. ఈయనకు నిలదొక్కుకునే శక్తి ఉంది, మన కాలనీలో ఇంకో పని కావాలన్న ఆశా ఉంది. అడిగేటప్పుడు ఇంకొకటి కూడా అడగాలి: రెండేళ్ల కిందట చేసిన ఇల్లు ఒకటి చూపించమని. గత నెల చేసిన ఇల్లు చూపిస్తే కొత్త రంగు తప్ప ఏమీ కనిపించదు.

## రంగుల కంపెనీల సేవలు, యాప్‌లు

ఏషియన్ పెయింట్స్, బెర్జర్ వంటి కంపెనీలు తమ పేరుతోనే ఇంటికి రంగు వేయించే సేవలు నడుపుతున్నాయి; అర్బన్ కంపెనీ వంటి యాప్‌లలోనూ ఈ పనులు దొరుకుతాయి. మనిషి వచ్చి పరికరంతో కొలుస్తాడు, అంచనా ఫోనుకు వస్తుంది, బిల్లు వస్తుంది, ఫిర్యాదుకు నంబరు ఉంటుంది. కిటికీలకు, కార్లకు కవర్లు కప్పి పని చేయడం వంటి మర్యాదలు కూడా ఇక్కడ ఎక్కువ. ధర సాధారణంగా స్థానిక కాంట్రాక్టరుకన్నా పైనే ఉంటుంది.

గోడ మీదికి ఎక్కేవారు కంపెనీ ఉద్యోగులు కారు. కంపెనీతో ఒప్పందమున్న స్థానిక కాంట్రాక్టరు మనుషులే. మన కాలనీలో అంతకుముందు చూసిన బృందమే యూనిఫాం వేసుకుని రావచ్చు. రెండో సంగతి, రంగు అమ్మేవారికి ప్రతి చెమ్మ మరకా రంగుతో తీరే సమస్యలాగే కనిపిస్తుంది. కారణం ఇప్పటికే తెలిసి, అది సరిచేయబడి, మిగిలింది పూత మాత్రమే అయినప్పుడు ఈ దారి సుఖం. చెల్లింపులు వారి పద్ధతి ప్రకారమే జరుగుతాయి కాబట్టి నిలుపుదల కుదరదు. దాని బదులు గ్యారంటీ కాగితం దొరుకుతుంది. అందులో పైన చెప్పిన మూడు సంగతులూ చూసుకోవాలి.

## వాటర్‌ప్రూఫింగ్ ప్రత్యేక పనివారు

డాబా కారుతున్నదని తేలితే రంగులవారిని వదిలి వీరి దగ్గరికి రావాలి. ఇక్కడ మనిషితోపాటు పద్ధతిని కూడా ఎంచుకోవాలి. సున్నం, ఇటుక ముక్కలతో వేసే పాత బ్రిక్ బ్యాట్ కోబా వాటాన్ని సరిచేస్తుంది, వేడిని తగ్గిస్తుంది, కానీ నాలుగంగుళాల మందం బరువును పాత స్లాబు మీద పెడుతుంది. ఒకసారి దాని అడుగున నీళ్లు చేరితే ఎక్కడ చేరాయో కనిపెట్టడం కష్టం. ఆక్రిలిక్, పాలియురెథేన్ పూతలు తేలిక, త్వరగా అవుతాయి, పగులు ఎక్కడుందో కంటికి కనిపిస్తుంది; కానీ వాటం సరిచేయవు, తడి ఆరని స్లాబు మీద వేస్తే పొరలుగా లేస్తాయి.

మన డాబాలు ఖాళీగా ఉండవని పనివారికి గుర్తుచేయాలి. మిరపకాయలు ఎండుతాయి, వడియాలు పెడతారు, వాషింగ్ మెషీన్ ఉంటుంది, సంక్రాంతికి వీధిలోని పిల్లలంతా పతంగులతో అక్కడే పరుగెడతారు. రాకపోకలు ఎక్కువగా ఉన్న చోట పూతను బట్టబయలుగా వదలకుండా పైన సిమెంటు పొరో టైల్సో వేయించుకోవాలి. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ (ఎండ వేడిని తిప్పికొట్టే పైకప్పు) విధానం ప్రకటించింది. ఎలాగూ డాబా పని చేయిస్తున్నప్పుడు పై పొరను తెల్లటిది ఎంచుకుంటే ఏప్రిల్, మే నెలల్లో పై అంతస్తు గదికి తేడా తెలుస్తుంది.

ఈ పనివారిని అడగవలసిన మొదటి ప్రశ్న: పని ముగిశాక నీళ్లు నింపి 48 గంటలు పరీక్షించి చూపిస్తారా? చూపిస్తామంటే నిలుపుదల కూడా ఒప్పుకుంటారు.

## ముందు ఇంజనీరు, తరువాత కొటేషన్లు

ఊచలు బయటపడిన బాల్కనీలు, ఏటవాలు పగుళ్లు, ఇరవై ఏళ్లు దాటిన అపార్టుమెంట్ల విషయంలో ఒకే ఒక సరైన దారి ఉంది: లోపం చెప్పేవారు, పని చేసేవారు వేరువేరు మనుషులు కావడం. స్ట్రక్చరల్ ఇంజనీరుకు ఫీజు చెల్లించి, కాంక్రీటు ఎంత గట్టిగా ఉందో చెప్పే రీబౌండ్ హ్యామర్, అల్ట్రాసోనిక్ వంటి పరీక్షలు చేయించి, ఏ చోట ఎంత పని అన్న పట్టిక రాయించుకుంటే, అప్పుడు నలుగురు కాంట్రాక్టర్లు ఒకే పనికి ధర చెబుతారు. మొదట్లో చెప్పిన మూడు మొత్తాల గందరగోళం ఇక్కడే తీరుతుంది. జేఎన్‌టీయూ వంటి ఇంజనీరింగ్ విశ్వవిద్యాలయాల సివిల్ విభాగాలు కూడా ఇలాంటి పరీక్షలు చేసిపెడతాయి.

తుప్పు పట్టిన ఊచ మీద మామూలు సిమెంటు పూస్తే రెండు వానలకు మళ్లీ ఊడుతుంది. వదులైన కాంక్రీటు ఊచ వెనకదాకా తొలగించి, తుప్పు గీకి, తుప్పు ఆపే పూత వేసి, పాలిమర్ కలిపిన మోర్టారుతో నింపాలి. ఈ వరుస మీ కొటేషన్‌లో లేకపోతే ఆ కొటేషన్ పక్కన పెట్టవచ్చు.

## ఒకే చోట పోలిక

| | మేస్త్రీ, కూలీ లెక్క | సామానుతో కాంట్రాక్టరు | రంగుల కంపెనీ, యాప్ | వాటర్‌ప్రూఫింగ్ పనివారు | ఇంజనీరు, తరువాత టెండరు |
|---|---|---|---|---|---|
| కారణం కనిపెట్టడం | మనిషిని బట్టి చాలా బాగు | సగటు | పూత వరకే | డాబా, తడి చోట్లకు బాగు | అన్నిటికన్నా నమ్మదగినది |
| ఖర్చు | తక్కువ | మధ్యస్థం | ఎక్కువ | పద్ధతిని బట్టి | ఫీజు అదనం, వృథా తక్కువ |
| ఇంటివారి సమయం | రోజంతా | రోజుకో గంట | స్వల్పం | స్వల్పం | మొదట్లో ఎక్కువ |
| జీఎస్టీ బిల్లు | ఉండదు | అడిగితే | ఉంటుంది | సాధారణంగా ఉంటుంది | ఉండి తీరాలి |
| వాన దాకా నిలుపుదల | అడగకూడదు | కుదురుతుంది | కుదరదు | కుదురుతుంది | ఒప్పందంలోనే ఉంటుంది |

## ఎవరికి ఏది నప్పుతుంది

సొంత ఇల్లు, ఇంట్లో పని చూసుకోగల మనిషి, ఒక అంతస్తు పని: మేస్త్రీ. ఇందులో పెద్దగా ఆలోచించవలసిందేమీ లేదు.

పిల్లలు అమెరికాలోనో బెంగళూరులోనో ఉండి, డెబ్బై దాటిన తల్లిదండ్రులు మాత్రమే ఉన్న ఇళ్ల సంగతి వేరు. సైనిక్‌పురి, తార్నాక వంటి చోట్ల ఇలాంటి ఇళ్లు వీధికి నాలుగు కనిపిస్తాయి. అక్కడ ఇరవై శాతం ఎక్కువైనా సరే, బిల్లు, ఫిర్యాదు నంబరు, వచ్చేవారి వివరాల నమోదు ఉన్న సేవను ఎంచుకోవాలంటాను. పెద్దవారిని ఎండలో నిలబెట్టి మాలు పాళ్లు లెక్కపెట్టించడం వల్ల మిగిలే డబ్బు మిగులు కాదు. అయితే నీటి కారణం ముందే తేల్చుకోవాలన్న షరతు వారికీ వర్తిస్తుంది; దానికోసం ఒక మేస్త్రీకి ఒక రోజు కూలీ ఇచ్చి చూపిస్తే చాలు.

అపార్టుమెంటు కమిటీలకు కష్టం డబ్బు కన్నా అనుమానం. ఖజానాదారుకు తెలిసిన కాంట్రాక్టరుకు పని ఇస్తే, అది ఎంత బాగా జరిగినా మాట పడుతుంది. ఇంజనీరు పట్టిక, మూడు సీలు కొటేషన్లు, సర్వసభ్య సమావేశ తీర్మానం ఉంటే ఆ మాట రాదు. చెల్లింపుల మీద టీడీఎస్ (చెల్లించేటప్పుడే మినహాయించే ఆదాయపు పన్ను) కోయవలసి ఉంటుందేమో సంఘం ఆడిటరును ముందే అడగాలి. పై అంతస్తువారి డాబా ఖర్చు కింది అంతస్తులవారు ఎందుకు భరించాలన్న ప్రశ్న ప్రతి సమావేశంలోనూ లేస్తుంది. డాబా ఉమ్మడి ఆస్తి అయినప్పుడు ఖర్చూ ఉమ్మడిదే, దాన్ని మొదటి సమావేశంలోనే తేల్చేయడం మంచిది.

పాతబస్తీ, సుల్తాన్ బజార్, సికింద్రాబాద్ పాత వీధుల్లోని డంగు సున్నపు గోడల ఇళ్లకు పై పట్టికలోని ఏ గడీ సరిగ్గా అతకదు. సున్నపు గోడ తడిని పీల్చి వదులుతుంది. దాని మీద సిమెంటు ప్లాస్టరింగు, ప్లాస్టిక్ రంగు వేస్తే తడి లోపలే చిక్కి ఉప్పు పేరుకుంటుంది, కొన్నేళ్లకు పూత పలకలుగా ఊడుతుంది. సున్నం పని తెలిసిన మేస్త్రీ దొరికేదాకా ఆగడమే అక్కడ ఎంపిక.

అద్దె ఇంట్లో ఉన్నవారు ఫోటోలు తీసి యజమానికి రాతపూర్వకంగా పంపడం తప్ప బయటి గోడ జోలికి పోకూడదు.

## కాగితం, డబ్బు, పరంజా

“బిల్లు వద్దంటే 18 శాతం తగ్గుతుంది” అన్న మాట అందరం వింటాం. సేవలకు ఏడాది వ్యాపారం 20 లక్షలు దాటని కాంట్రాక్టరుకు జీఎస్టీ నమోదు తప్పనిసరి కాదు కాబట్టి, నమోదు లేకపోవడం దానికదే తప్పు కాదు. కానీ నమోదు ఉండి బిల్లు ఇవ్వననడం వేరు. తెలంగాణలో నమోదైన నంబరు 36తో మొదలవుతుంది, మొత్తం 15 అక్షరాలు. జీఎస్టీ పోర్టల్‌లో కొడితే వ్యాపారం పేరు కనిపిస్తుంది. రేపు వినియోగదారుల కమిషన్ మెట్లెక్కవలసి వస్తే మన చేతిలో ఉండేది ఆ బిల్లూ, ఒప్పందమూ, బ్యాంకు ద్వారా చెల్లించిన ఆధారమే. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్‌లో చెల్లించిన మొత్తం ఐదు లక్షలలోపు ఉన్న ఫిర్యాదులకు రుసుము లేదు, గడువు రెండేళ్లు. సలహాకు 1915 నంబరు ఉంది.

చెల్లింపును తేదీలకు ముడిపెట్టకుండా దశలకు ముడిపెట్టాలి: సామాను, పరంజా దిగినప్పుడు పది పదిహేను శాతం, గోడ కొట్టి పగుళ్లు నింపినప్పుడు ఒక భాగం, ప్లాస్టరింగ్ క్యూరింగ్ ముగిశాక ఒక భాగం, పూత అయ్యాక ఒక భాగం, చివరి పది శాతం వాన తరువాత. సగం డబ్బు బయానాగా అడిగేవారు మన పనితోపాటు ఇంకొకరి పాత పనిని కూడా మన డబ్బుతో పూర్తిచేస్తున్నారని అనుమానించవచ్చు.

పరంజా ఎవరిది, ఎత్తు మీద బెల్టు కట్టుకోకపోతే పని ఆపే అధికారం మనకుందా, కూలీలకు బీమా ఉందా అన్నవి ఒప్పందంలో ఒక్కొక్క వాక్యమైనా ఉండాలి. బాల్కనీకి దగ్గరగా కరెంటు తీగలు ఉన్న ఇరుకు వీధుల్లో, ఇనుప గొట్టాల పరంజా లేపే ముందు కరెంటు పంపిణీ సంస్థ టీజీఎస్‌పీడీసీఎల్ స్థానిక సెక్షన్ కార్యాలయంలో చెప్పి సరఫరా ఆపించుకోవాలి. మలబా ఎత్తించే ఖర్చు ఎవరిదో కూడా రాయాలి. లేకపోతే అది రాత్రికి రాత్రి నాలా పక్కన తేలుతుంది. నగరంలో నిర్మాణ వ్యర్థాలకు జీడిమెట్ల, ఫతుల్లగూడలలో కేంద్రాలు ఉన్నాయి.

## ఎప్పుడు మొదలుపెట్టాలి

మేలో అందరూ పరుగెత్తుతారు గానీ, మే నెల ఎండకు ప్లాస్టరింగ్ నీరు పట్టేలోపే ఆరిపోయి వెంట్రుకంత సన్నటి పగుళ్లు వేస్తుంది, కాలిన గోడ మీద రంగు సరిగ్గా అంటదు, పని ఆలస్యమైతే జూన్ ముంచుకొస్తుంది. దసరా కాగానే మొదలుపెట్టడం కూడా తొందరే. 2020 అక్టోబరు 13న నగరాన్ని ముంచిన వాన ఇంకా చాలామందికి గుర్తుంది. కొత్త ప్లాస్టరింగు మీద రంగు వేయడానికి నాలుగు వారాలు ఆగాలి కాబట్టి, నవంబరులో గోడ కొట్టి, జనవరిలో రంగు ముగించే లెక్క అన్ని పద్ధతులకూ నప్పుతుంది.

ఎంపిక మాత్రం అంతకు చాలా ముందే మొదలవుతుంది. జూలైలో వాన కురుస్తుండగానే గోడను, సజ్జను, సీలింగును ఫోనులో తీసి పెట్టుకోవాలి. ఎండలో వచ్చి చూసే పనివారికి అంతకన్నా మంచి సాక్ష్యం ఉండదు. ఆగస్టులో కారణం తేల్చి, సెప్టెంబరులో కొటేషన్లు తెప్పించి, దీపావళికి ఒప్పందం మీద సంతకాలు చేస్తే, నిలిపి ఉంచిన పది శాతం ఆపై దసరాకు, పొడిగా ఉన్న గోడ పక్కన నిలబడి, కాంట్రాక్టరు చేతిలో పెట్టవచ్చు.